డేవిడ్ లివింగ్‌స్టన్: నమ్మకము పెరిగిన విధము

ఊరికి క్రొత్తగా కాపురము వచ్చినవానికి అంగడివాడు మొదటి దినముననే పెద్ద అరువు పద్దు వ్రాయడు. సోలెడు ఉప్పో, గిద్దెడు నూనెయో అరువిచ్చి, చెప్పిన నాటికి బాకీ తీరినదో లేదో చూచును. రెండు మూడు పంటలు గడచిన పిమ్మట గాని బస్తా బియ్యము చేతి కీయడు. మనుష్యుల నడుమ నమ్మకము కూడ ఇట్టిదే. అడిగినంతమాత్రమున అది రాదు. ఒట్టు పెట్టుకొన్నను రాదు. చిన్న మాట నిలిపినవానికి పెద్ద మాట అప్పగింపబడును. పెద్ద మాటయు నిలిపినచో, అతడు కంటి యెదుట లేనప్పుడు సయితము అతని యందు నమ్మకము చెక్కు చెదరదు.

ఈ సంగతిని ఉపదేశముగా చెప్పుటకంటె ఒకని జీవితమున చూపుట మేలని మాకు తోచినది. ఆఫ్రికా ఖండమున సుమారు ముప్పది సంవత్సరములు సంచరించిన డేవిడ్ లివింగ్‌స్టన్ పేరును మన విద్యార్థులు భూగోళ పాఠములయందు వినియే యుందురు. ఆయన చూచిన నదులు, సరస్సులు, జలపాతములు పటముపై గుర్తింపబడి యున్నవి. పటముపై గుర్తింప వీలులేని దొకటి కలదు. ఆ దేశపు ప్రజలు ఈ పరదేశిని ఎట్లు నమ్మిరి? ఆయన వారి నెట్లు నమ్మెను? ఆ నమ్మకము ఏ పరీక్షలకు నిలిచెను? దీనినే మేమిచ్చట చెప్పబూనితిమి.

లివింగ్‌స్టన్ 1813వ సంవత్సరము మార్చి 19వ తేదీన స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరమునకు సమీపమున నున్న బ్లాంటైరు గ్రామములో జన్మించెను. ఆ కుటుంబమంతయు నూలు మిల్లు కూలివారి కొరకు కట్టిన యిండ్లలో ఒకే గదియందు నివసించెడిది. పదియవ యేటనే బాలుడు మిల్లు పనికి కుదిరెను. ఉదయము 6 గంటలు మొదలు రాత్రి 8 గంటల వరకు తెగిన నూలుపోగుల నతుకుట అతని పని. మొదటి వారపు కూలిలో కొంత వెచ్చించి లాటిను వ్యాకరణ మొకటి కొనెను. పుస్తకమును యంత్రముపై నిలిపి, అటు నిటు తిరుగుచునే ఒక్కొక్క వాక్యము చదువుకొనెడివాడు. ఇట్లు కూడబెట్టిన విద్యతో, కూడబెట్టిన కూలితో గ్లాస్గోలో వైద్యవిద్య నభ్యసించి, 1840లో పట్టమును పొందెను. చైనా దేశమునకు మిషనరీగా పోవలెనని ఆయన కోరిక. నల్లమందు యుద్ధమువలన ఆ దారి మూతపడెను. అంతట లండన్ మిషనరీ సంఘమువారు ఆయనను దక్షిణాఫ్రికాకు పంపిరి. 1841 జూలై నెలాఖరున ఆయన కురుమాను అను మిషను స్థలమును చేరెను.

అక్కడ ఆయన చేసిన మొదటి పనులలో నొకటి గమనింపదగినది. తోడి తెల్లవారిని విడిచి, లోపలి దేశమునకు పోయి, బక్వేన జాతివారి నడుమ సుమారు ఆరు నెలలు ఒంటరిగా నివసించెను. వారి భాష నేర్చుకొనుటకును, వారి ఆచారముల నెరుగుటకును ఇదియే సరియైన మార్గమని ఆయన యెంచెను. బోధించుటకు వచ్చినవాడు మొదట శిష్యుడై కూర్చుండెను. తమ భాషలో తడబడుచు మాటలాడు పరదేశిని జూచి జనులు నవ్వవచ్చును గాని, అట్టివానియందు భయము మాత్రము తగ్గును. నమ్మకమునకు తొలిమెట్టు ఇదియే.

1844 ఫిబ్రవరిలో మబొట్సా అను చోట ఒక సింహము గ్రామస్థుల పశువులను చంపుచుండెను. లివింగ్‌స్టన్ వారితో కూడ వేటకు పోయి తుపాకి కాల్చెను. గాయపడిన మృగము ఆయనపై లంఘించి, ఎడమ భుజమును పట్టి, కుక్క యెలుకను విదిలించినట్లు విదిలించెను. అప్పుడు మెబాల్వే అను దేశీయ క్రైస్తవుడు తన తుపాకి నెత్తెను. దాని రెండు గొట్టములును పేలలేదు. అయినను అతడు పారిపోలేదు. సింహము లివింగ్‌స్టనును విడిచి మెబాల్వే మీదికి దూకి అతని తొడను కరచెను. అతనికి సాయము వచ్చిన మరియొకనిని గూడ పట్టెను. అంతలో మొదట తగిలిన గుండ్ల దెబ్బకు అది కూలెను. లివింగ్‌స్టన్ ఎడమచేతి పై యెముక ముక్కలై, సరిగా అతుకక, జీవితాంతము అట్లే యుండెను. ఈ యెముకను చదువరులు జ్ఞాపకముంచుకొన వలెను. కథాంతమున మరల దాని ప్రసక్తి రాగలదు.

మరుసటి యేట ఆయన రాబర్ట్ మొఫట్ అను మిషనరీ కుమార్తెయగు మేరీని వివాహమాడెను. ఆ దంపతులు బక్వేన రాజగు సెచేలే యొద్ద నివసించిరి. సెచేలే కొలది దినములలో అక్షరములు నేర్చి, గ్రంథము చదువుట కలవాటుపడి, 1848లో బాప్తిస్మము పొందెను. కొలది నెలలకే అతడు నియమము తప్పుటచే లివింగ్‌స్టన్ అతనిని ప్రభురాత్రి భోజనమునుండి తొలగించెను. అదే కాలమున దేశమున ఘోరమైన అనావృష్టి కలిగెను. సెచేలే పూర్వము వర్షము కురిపించు మంత్రజ్ఞుడని పేరు పొందినవాడు. పరదేశి అతని మంత్రమును కట్టివేసినందుననే వానలు లేవని జనులు తలచిరి. ఇట్లు తలచియు వారు లివింగ్‌స్టన్ కుటుంబమును ఆదరించుట మానలేదు. ఆయన బోధను వారు నమ్మలేదు, ఆయనను నమ్మిరి. ఈ రెండును వేరని మనము గ్రహింపవలెను. సెచేలే కూడ తరువాతి కాలమున తన ప్రజలకు తానే బోధకుడై, 1892లో మరణించువరకు ఆ పని విడువలేదు.

1851లో లివింగ్‌స్టన్ ఎడారిని దాటి, మకొలోలో జాతి రాజగు సెబిటువానేను కలిసికొనెను. ఆ రాజు కొలది దినములకే జబ్బుపడి మరణించెను. లివింగ్‌స్టన్ తన భార్యను బిడ్డలను ఇంగ్లండునకు పంపి, 1853లో మరల వచ్చునప్పటికి ఆయన కుమారుడు సెకెలెటు పదునెనిమిదేండ్ల ప్రాయమున లిన్యాంటిలో రాజ్యము చేయుచుండెను. సముద్రమునకు దారి దొరకినయెడల న్యాయమైన వర్తకము సాగుననియు, బానిసల వ్యాపారము తగ్గుననియు లివింగ్‌స్టన్ తలంపు. సెకెలెటు తన దంతములను, తన మనుష్యులను 27 మందిని ఆయన వెంట పంపెను. వారిని క్షేమముగా మరల ఇంటికి చేర్చెదనని లివింగ్‌స్టన్ మాట యిచ్చెను. తన బండిని, సామానును లిన్యాంటిలోనే విడిచి, 1853 నవంబరు 11వ తేదీన పడమటి సముద్రమువైపు ప్రయాణమయ్యెను.

దారి మిక్కిలి కష్టమైనది. వానలు, వరదలు, మాటిమాటికి చలిజ్వరము. బానిస వర్తకులు తిరుగు ప్రాంతముల రాజులు తమ భూమిగుండ పోవుటకు సుంకముగా ఎద్దునో, తుపాకినో, లేక ఒక మనిషినో ఇమ్మని యడుగుచుండిరి. మనిషి నిచ్చుట యన బానిసగా నిచ్చుటయే. తన వారిలో నొక్కని నిచ్చుటకంటె అందరును కలిసి చచ్చుట మేలని లివింగ్‌స్టన్ దృఢముగా చెప్పెను. ఎడ్లను ఇచ్చెను, తన చొక్కాలను ఇచ్చెను, మనిషిని మాత్రము ఇయ్యలేదు. పరదేశులు మనుష్యులను కొనుటయే ఎరిగిన ఆ దేశమున, ఒక పరదేశి మనిషిని అమ్ముటకు నిరాకరించుట ఆ 27 మందియు తమ కన్నులార చూచిరి.

అయినను వారు ఒకప్పుడు నిరాశ చెంది ఇంటికి మరలిపోదమనిరి. లివింగ్‌స్టన్ వారిని నిందింపలేదు. మీరు మరలినను నేను ముందునకే పోయెదనని చెప్పి, తన చిన్న గుడారములోనికి పోయి ప్రార్థించుచుండెను. కొంతసేపటికి వారిలో నొకడు గుడారపు ద్వారము కడకు వచ్చి, మిమ్మును విడువము, ఎక్కడికి తీసికొనిపోయిన అక్కడికి వచ్చెదమని చెప్పెను. తక్కినవారును అట్లే పలికిరి. 1854 మే 31వ తేదీన వారు పోర్చుగీసువారి రేవుపట్టణమగు లువాండాను చేరిరి.

మొదటి పెద్ద పరీక్ష అచ్చట వచ్చెను. లివింగ్‌స్టన్ జ్వరముతోను రక్తవిరేచనములతోను మంచము పట్టెను. ఇంగ్లీషు యుద్ధనౌకల నాయకులు ఆయన స్థితిని జూచి, స్వదేశమునకు కొనిపోయెదమనిరి. భార్యను బిడ్డలను చూచి రెండేండ్లు దాటియుండెను. ఆయన పోయినచో తప్పుపట్టువారు లేరు. కాని తన తోడు లేనిచో ఆ 27 మంది లిన్యాంటికి తిరిగి చేరలేరని ఆయన యెరుగును. ఆయన ఓడ నెక్కలేదు. తన ఉత్తరములను, పటములను, వ్రాతలను మాత్రము పంపెను. వాటిని కొనిపోయిన ఓడ మదీరా ద్వీపము కడ మునిగిపోయెను. ఆ వ్రాతలను ఆయన తిరుగు ప్రయాణమున మరల వ్రాయవలసి వచ్చెను.

ఈలోపల ఆయన మనుష్యులకును ఒక పరీక్ష కలిగెను. ఓడ నెక్కినవారిని తెల్లవారు మేపి చంపి తిందురని పట్టణమున కొందరు వారిని భయపెట్టిరి. యుద్ధనౌకను చూచుటకు రమ్మని పిలిచినప్పుడు, భయపడువాడు రానక్కర లేదని లివింగ్‌స్టన్ చెప్పెను. దాదాపు అందరును పోయిరి. నావికులు వారికి తమ రొట్టెను, మాంసమును పంచి పెట్టిరి. ఫిరంగి నొకదానిని వారిచేతనే పేల్పించిరి. తరువాత వారు అడవిలో కట్టెలు కొట్టి పట్టణమున అమ్ముకొనిరి. ఒక ఓడనుండి బొగ్గు దింపి నెలకు పైగా కూలి సంపాదించిరి. లివింగ్‌స్టనును నమ్మి వచ్చినవారు తమ చేతి కష్టముతో గుడ్డలు కొనుక్కొని నిలువగలిగిరి.

1854 సెప్టెంబరులో లువాండా విడిచి, సంపూర్ణముగా ఒక యేడు నడచి, 1855 సెప్టెంబరులో వారు లిన్యాంటిని చేరిరి. బయలుదేరిన 27 మందిలో ఒక్కడును తగ్గలేదు. వారు చచ్చిరని తలచి కొందరి భార్యలు వేరు భర్తలను చేసికొని యుండుట ఒక్కటియే చిక్కు. లివింగ్‌స్టన్ విడిచిపోయిన బండియు, సామానును విడిచినట్లే యుండెను. అదియే కాదు. ఆయన లేనప్పుడు మొఫట్ పంపిన మూటలను శత్రుజాతివారు తెచ్చి జాంబెజీ నది ఒడ్డున విడిచిపోయిరి. అందు మంత్రప్రయోగ మేదియో యుండునని మకొలోలోలు మొదట భయపడిరి. భయపడియు వాటిని పారవేయలేదు. నది నడుమ ద్వీపమునకు చేర్చి, పైన గుడిసె వేసి, ఆయన వచ్చువరకు కాపాడిరి. ఒక వైపున మాట నిలిచెను, రెండవ వైపున సొత్తు నిలిచెను. పద్దు ఇరుప్రక్కల సరిపోయినది.

కావుననే రెండవసారి సెకెలెటు 114 మందిని పంపెను. తూర్పు సముద్రమువైపు నడచుచు 1855 నవంబరులో లివింగ్‌స్టన్ గొప్ప జలపాతమును చూచి, దానికి విక్టోరియా రాణి పేరు పెట్టెను. అంతకుముందే అచ్చటి ప్రజలు దానిని ఉరుము పొగ యను అర్థము వచ్చు మోసి-ఓవా-తున్యా అను పేరుతో పిలుచుచుండిరి. 1856 మార్చిలో టెటె అను పోర్చుగీసు పట్టణమును చేరి, తన వారిని అచ్చటి అధికారి సంరక్షణలో నుంచి, మరణము తప్ప వేరేదియు నన్ను మీ యొద్దకు రాకుండ ఆపలేదని వాగ్దానము చేసెను. పిమ్మట ఇంగ్లండునకు పోయెను. అక్కడ ఆయనకు అపారమైన కీర్తి కలిగెను. 1857లో అచ్చయిన ఆయన యాత్రాగ్రంథము వేలకొలది ప్రతులు అమ్ముడుపోయెను. సభలు, సన్మానములు, రాణిగారి దర్శనము. టెటెలో మాత్రము నూరుగురు మనుష్యులు ఎదురుచూచుచుండిరి. మీ ఇంగ్లీషువాడు ఇక రాడని ఆ ఊరివారు వారిని ఎగతాళి చేయుచుండిరి.

1858 సెప్టెంబరులో ఆయన పొగయోడపై టెటె చేరెను. వారు నీటి యొడ్డునకు పరుగెత్తి వచ్చిరి. కొందరు కౌగిలించుకొనబోగా, తక్కినవారు ఆయన క్రొత్త బట్టలు మాయునని అడ్డుపడిరి. మశూచికముచే 30 మంది మరణించిరనియు, ఆరుగురిని ఒక నాయకుడు చంపించెననియు అప్పుడు తెలిసెను. 1860లో ఆయన, రాదలచినవారిని వెంటబెట్టుకొని, కాలినడకన వారి దేశమునకు చేర్చెను. పెక్కుమంది టెటెలోనే స్థిరపడుటకు ఇష్టపడిరి. లిన్యాంటిలో ఆయన బండి అప్పటికిని భద్రముగా నుండెను.

ఇంతవరకు చెప్పి విడిచినచో మా వ్రాత సత్యమునకు దూరమగును. ఆ బండి ప్రక్కనే ఒక విషాదము జరిగి యుండెను. లివింగ్‌స్టన్ మాటలచే ప్రేరితులై లండన్ మిషనరీ సంఘమువారు మకొలోలోల యొద్దకు కొందరిని పంపిరి. వారు 1860 మొదట లిన్యాంటి చేరి, ఆయన వచ్చునని ఆశించిరి. ఆయన వచ్చునప్పటికే హెల్మోరు అను మిషనరీయు, ఆయన భార్యయు, వారి బిడ్డలిరువురును జ్వరమునకు బలియైరి. ఆ జ్వరమునకు వాడదగిన మందులు, కొద్ది దూరములోనే, ఎవరును తాకని ఆ బండిలో నుండెను. ఆ దండయాత్రలో తనతో కూడ పనిచేసిన తెల్లవారి యెడల కూడ లివింగ్‌స్టన్ ఓర్పు చూపలేకపోయెను. ఒకరు రాజీనామా చేసిరి, మరి యిరువురిని ఆయనయే తొలగించెను. నది నావలకు అనువైనదని ఆయన చేసిన అంచనా కెబ్రబాసా రాతిమడుగుల కడ తప్పిపోయెను. 1862లో ఆయన భార్య మేరీ షుపంగాలో మరణించెను. 1863లో ప్రభుత్వమువారు ఆయనను వెనుకకు పిలిచిరి. ఆయన తెరచిన దారులవెంట తరువాత పరరాజ్యముల పాలనయు వచ్చెను. మకొలోలోలతో ఓర్పుగా కట్టిన వంతెనవంటి దానిని ఆయన తన స్వజనులతో కట్టలేకపోయెను. నమ్మకమనునది ఒకరితో సంపాదించినంతమాత్రమున వేరొకరితో దానంతట అది రాదు. ప్రతివారితోను మొదటినుండి సంపాదింపవలసినదే.

కాని ఆ విఫలమైన యాత్రలోనే ఆయన జీవితమునకు తోడు నిలిచినవా రిరువురు దొరకిరి. 1861లో బానిస వర్తకుల చేతినుండి విడిపింపబడినవారిలో చుమా అను బాలు డొకడు. సూసి అనువాడు షుపంగాలో ఓడ పనికి కుదిరినవాడు. యాత్ర ముగిసిన పిదప లివింగ్‌స్టన్ తన చిన్న ఓడను తానే నడుపుకొని, మహాసముద్రమును దాటి, 1864 జూన్ 13వ తేదీన మన బొంబాయి రేవు చేరెను. చుమాను, వికటాని అను మరియొక బాలుని అక్కడ డాక్టరు విల్సన్‌గారి మిషను పాఠశాలలో ప్రవేశపెట్టెను. సూసి రేవులో కూలిపని చేసికొనెను. మరుసటి యేట లివింగ్‌స్టన్ తిరిగి బొంబాయికి వచ్చి వారిని కలిసికొని, నాసికమునకు సమీపమున విమోచింపబడిన ఆఫ్రికా బాలుర కొరకు నడుపబడుచున్న మిషను పాఠశాలనుండి మరికొందరిని వెంట చేర్చుకొనెను. ఇట్లు మన దేశపు మిషను పాఠశాలలు ఈ కథలో భాగస్థములైనవి.

1866లో చివరి యాత్ర మొదలయ్యెను. నైలునది పుట్టుక కనుగొనుటయు, బానిస వర్తకమును లోకమునకు వెల్లడించుటయు ఆయన ఉద్దేశములు. బయలుదేరిన 60 మందిలో కొందరిని వెనుకకు పంపవలసి వచ్చెను. కొందరు విడిచి పారిపోయి, ఆయన చచ్చెనని అబద్ధము ప్రచారము చేసిరి. వికటాని తన బంధువులను కలిసి ఆగిపోయెను. 1867 జనవరిలో పారిపోయినవారు మందుల పెట్టెను కూడ ఎత్తుకొనిపోయిరి. జ్వరపీడితునకు అది మరణశాసనమువంటిదే.

1868లో ఆయన బాంగ్వెయులు సరస్సును చూడబోవునప్పుడు మిగిలినవారిలో పెక్కుమంది రామనిరి. నడచి నడచి విసిగియుండిరి. చుమాయు, సూసియు కూడ రామనినవారిలో నుండిరి. ఆయన నలుగు రైదుగురితో పోయి సరస్సును చూచి వచ్చెను. తిరిగి వచ్చిన పిమ్మట వారు మరల చేరుదుమని కోరగా, వారిని చేర్చుకొనెను. తనయందును లోపములున్నవని ఎరుగుటచే వారిని కఠినముగా చూడలేకపోతినని తన దినచర్యలో వ్రాసికొనెను. పది సంవత్సరములకు పూర్వము తెల్ల సహచరులను క్షమింపలేని మనుష్యుడు వీరిని క్షమించెను. విరిగిన నమ్మకము అతుకబడినచోట పూర్వముకంటె గట్టిపడుట కలదని ఆ మీదటి కథ తెలుపును.

1871లో న్యాంగ్వే సంతలో వర్తకులు వందలకొలది జనులను కాల్చి చంపుట ఆయన కన్నులార చూచెను. కాగితములు లేక, పాత వార్తాపత్రికలపై పండ్ల రసముతో వ్రాసికొనెను. మనసు విరిగి, దేహము శుష్కించి, ఉజిజి చేరునప్పటికి తనకు పంపబడిన సరకులను దొంగ సేవకుడు అమ్ముకొని యుండెను. ఆ సంవత్సరాంతమున స్టాన్లీ అను పత్రికా విలేఖరి వెదకుచు రాగా, ఎదురేగి సలాము చేసినవాడు సూసియే. 1872లో స్టాన్లీ తిరిగిపోయి, తీరమునుండి మరికొందరు మనుష్యులను పంపెను. వారిలో నాసికమున చదివిన జాకబ్ వెయిన్‌రైట్ అను యువకు డొకడు. లివింగ్‌స్టన్ స్వదేశమునకు పోక, మరల దక్షిణమునకు నడచెను.

1873 మొదటి నెలలలో బాంగ్వెయులు చిత్తడినేలలలో ఎడతెగని వానలు కురిసెను. ఆయనకు లోపల రక్తము స్రవించుచుండెను. ప్రవాహములు వచ్చినప్పుడు ఆయన మనుష్యులు, మెడవరకు నీటిలో దిగియు, వంతులు వేసికొని ఆయనను భుజములపై మోసిరి. నడువలేకపోయినప్పుడు డోలీ కట్టిరి. ఇలాలా ప్రాంతమున చితాంబో అను గ్రామపెద్ద యూరిలో గుడిసె వేసి పడుకొనబెట్టిరి. 1873 మే 1వ తేదీ తెల్లవారుజామున ఆయన మంచము ప్రక్కన మోకాళ్లూని, తల చేతులలో ఉంచుకొని, విగతజీవుడై యుండుట వారు చూచిరి.

ఇక ఆయన చూచువాడు కాడు. జీత మిచ్చువాడు లేడు. మృతదేహమును ఎక్కడికి చేర్పవలెనో ఆయన చెప్పియుండలేదు. అక్కడనే పూడ్చి ఇంటికి పోయినచో తప్పనువారు లేరు. ఆ దేశమున ప్రయాణికులు మృతదేహముతో పోవుట అపాయకరము. గ్రామములవారు భయపడి దాడి చేయవచ్చును. అయినను వారు కూడి ఆలోచించి, సూసిని, చుమాను నాయకులుగా నెన్నుకొని, ఆయనను ఆయన జనులకు అప్పగించుటకు నిశ్చయించిరి. అందరి యెదుట పెట్టెలు తెరచి, ఉన్న ప్రతి వస్తువును జాకబ్ చేత జాబితా వ్రాయించిరి. దేహమును ఉప్పుతో శుద్ధిచేసి, 14 దినములు ఎండలో నుంచి, గుడ్డలోను, చెట్టుబెరడులోను, ఓడచాప గుడ్డలోను చుట్టిరి. హృదయమును రేకు పెట్టెలో నుంచి అక్కడి చెట్టు క్రింద పూడ్చిరి. జాకబ్ ప్రార్థన చదివి, చెట్టుపై పేరును తేదీని చెక్కెను.

తీరమునకు దారి వెయ్యి మైళ్లకు మించినది. రోగములచే మార్గమధ్యమున అనేకులు బాధపడిరి. దారిలో వారిని కలిసికొన్న కామెరాన్ అను ఇంగ్లీషు అధికారి దేహమును అక్కడనే పూడ్చుట మంచిదని సలహా యిచ్చెను. వారు వినయముతోనే, అయినను దృఢముగా, ఒప్పుకొనలేదు. ముందరి గ్రామములవారు మృతదేహమును పోనీయరని తెలిసినప్పుడు, దొంగ మూటయొకటి కట్టి, దేహమును వెనుకకు పంపుచున్నట్లు నటించి, అసలు దేహమును గుడ్డల బేలువలె కట్టి మోసిరి. ఇట్లు తొమ్మిది నెలలు సాగి, 1874 ఫిబ్రవరిలో బగమోయో రేవు చేరిరి. ఆయన దినచర్య పుస్తకములును, పరికరములును, పటములును భద్రముగా అప్పగించిరి. అధికారులు కూలి లెక్కచూచి వారిని పంపివేసిరి. ఓడలో జాకబ్ ఒక్కడే దేహముతో పోయెను.

ఇంగ్లండులో ఆ దేహము లివింగ్‌స్టన్‌దేనా యను సందేహము తీర్చుటకు వైద్యులు ఎడమచేతి యెముకను పరీక్షించిరి. ముప్పదియేండ్ల క్రిందట సింహము నమలి విరిచిన ఎముక అట్లే యుండెను. 1844లో మెబాల్వే పారిపోనందున ఆ మనిషి బ్రతికెను. 1874లో సూసి, చుమాలు విడువనందున ఆ ఎముక స్వదేశము చేరెను. 1874 ఏప్రిల్ 18వ తేదీన వెస్ట్‌మినిస్టరు ఆలయమున ఆయనను సమాధి చేసిరి. ఆ మహాసభలో సూసియు చుమాయు లేరు. తరువాత లివింగ్‌స్టన్ మిత్రు డొకరు తన ఖర్చుతో వారిని ఇంగ్లండునకు రప్పించెను. దినచర్యను అచ్చునకు సిద్ధపరచువారికి వారు ప్రతి స్థలమును, ప్రతి సంఘటనను జ్ఞాపకము చేసికొని చెప్పిరి. చివరి దినముల చరిత్ర లోకమునకు తెలిసినదనిన వారి నోటివలననే. చుమా 1882లోను, సూసి 1891లోను మరణించిరి.

ఈ చరిత్రమునుండి మేము గ్రహించినది స్వల్పమైనను స్థిరమైనది. తన మనిషిని సుంకముగా ఇయ్యనివాడు, ఓడ నెక్కక వెనుకకు నడచినవాడు, కీర్తి నడుమను టెటెను మరువనివాడు, విడిచిపోయినవారిని మరల చేర్చుకొన్నవాడు – ఇట్లు ఇరువది సంవత్సరములు ఒక్కొక్క బాకీ తీర్చుచు వచ్చెను. ఆ 27 మంది వేరు, సూసి చుమాలు వేరు. కాని మాట నిలుపు మనుష్యుడను పేరు ఆయనకంటె ముందుగా నడచుచుండెను. బాకీదారు చనిపోయినను పద్దు మూయని నమ్మకమును సూసి చుమాలు చూపిరి. తోటి విద్యార్థి అరువిచ్చిన పుస్తకమును చెప్పిననాడు తిరిగి యిచ్చువాడును, పరీక్షాధికారి గదిలో లేనప్పుడు తన కాగితమునే చూచుకొనువాడును ఆ దారినే నడుచుచున్నారు. ఎవరును చూడనప్పుడు చేసినదే నమ్మకమునకు కొలత.